తూము తలుపు చప్పుడు, దొంగ డైరీ: రెండు కాలాల గోథిక్ మిస్టరీకి మరమ్మతు (కేస్ స్టడీ)

సవరణ కోసం రాతప్రతి బల్ల మీదకి వచ్చినప్పటి కొలతలు ఇవి. 1,12,000 మాటలు, 46 అధ్యాయాలు. గతానివి 18, వర్తమానానివి 28. మొదటి 36 అధ్యాయాలు ఒకటి అప్పుడు, ఒకటి ఇప్పుడు అన్న వరసలో నడుస్తాయి. ఆఖరి పదీ పూర్తిగా ఇప్పటివే. ఇది ఏ ఒక్క రచయిత రాతప్రతీ కాదు. గోథిక్ మిస్టరీల్లో, అంటే పాత ఇల్లూ భయమూ రహస్యమూ కలిసిన నవలల్లో, పదేపదే ఎదురయ్యే లోపాలను ఒకే కథలో పోసి కట్టుకున్న నమూనా. కథా, అధ్యాయాల అంకెలూ నమూనావి. పంచాంగం, చట్టాలు, కాగితాల సంగతులు మాత్రం నిజమైనవి.

కథ ఇది. ఇంగ్లండ్ తూర్పు తీరాన, సముద్రపు పోటు నీళ్లు వచ్చిపోయే చిత్తడి నేలల మధ్య ఒక పాత ఇల్లు. 1887లో అక్కడ ఇంటి యజమాని, మంచం పట్టిన భార్య, ఆమె చెల్లెలు, ఒక పసివాడు, ఒక నర్సు. ఆగస్టు 20 రాత్రి చెల్లెలు గట్టు పక్క కాలవలో మునిగి చనిపోయింది. నర్సు డైరీ ప్రకారం ఆమెను తోసింది యజమాని. 2019లో ఇల్లు అమ్మకానికి వచ్చింది. పాత కాగితాలను శుభ్రం చేసి, జాబితా రాసిపెట్టే నిపుణురాలు ఎనిమిది వారాల పనికి వస్తుంది. డైరీ ఆమె చేతికి చిక్కుతుంది. రాత్రిళ్లు గోడ లోపల ఎవరో కొట్టినట్టు చప్పుడు. అసలు నిజం ఏమిటంటే చెల్లెల్ని తోసింది లేవలేని మనిషిగా అందరూ నమ్మిన భార్య. నర్సు తరవాతెప్పుడో దొంగ డైరీ రాసి, నేరాన్ని చనిపోయిన యజమాని మీదకి నెట్టింది. పసివాడికి తల్లి హంతకురాలని తెలియకూడదన్నది ఆమె ఉద్దేశం.

ముడిసరుకు బాగుంది. అయినా మొదటి విడత చదివినవాళ్లు 19వ అధ్యాయం దాటాక నెమ్మదించారు, వర్తమానం పేజీలను పైపైన తిప్పేశారు. "ఇప్పటి కథ పలచన, అప్పటి కథ చిక్కన" అన్నది వాళ్ల ఫిర్యాదు. రచయితలు ఇలాంటి మాట వినగానే వర్తమానానికి ఒక ప్రేమకథో విడాకులో తగిలిస్తారు. ఇక్కడా అదే జరిగింది: రెండో ప్రతిలో నాయికకు ఒక మాజీ భర్త పుట్టుకొచ్చాడు, 9,000 మాటలు పెరిగాయి. జబ్బు అక్కడ లేదు.

రహస్యాల పద్దు

జబ్బు ఎక్కడుందో చూడటానికి ఒక్క పద్దు చాలు. నవలలో ఉన్న ప్రతి రహస్యానికీ ఒక వరస. ఒక్కో వరసకి అయిదు గడులు: రహస్యం ఏమిటి, పాఠకుడికి ఏ అధ్యాయంలో తెలిసింది, నాయికకి ఏ అధ్యాయంలో తెలిసింది, ఏ వస్తువు ద్వారా తెలిసింది, తెలిశాక నాయిక చేసే పని ఏమైనా మారిందా. అయిదో గడి ఖాళీగా ఉంటే ఆ రహస్యం సమాచారమే తప్ప కథ కాదు.

ఈ రాతప్రతిలో లెక్కకి 22 రహస్యాలు తేలాయి. వాటిలో 15 గతం అధ్యాయాల్లో పాఠకుడికి ముందే తెలిసిపోయాయి. నాయిక వాటిని సగటున మూడు అధ్యాయాలు వెనకబడి కనుక్కుంటుంది. నాలుగు మాత్రమే నాయిక ముందు కనుక్కున్నవి. మూడు ఒకేసారి. అంటే పాఠకుడు సినిమా చూసేశాక, ఆ సినిమా కథను నాయిక తీరిగ్గా ఊహిస్తూ కూర్చుంది. అలాంటి మనిషికి ఎన్ని విడాకులు తగిలించినా ఆమె మీద ఆసక్తి పుట్టదు.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, రచయిత గతాన్ని జ్ఞాపకంలా రాస్తాడు. అప్పుడు ఏం జరిగిందో అది జరిగినట్టే చూపిస్తాడు. మిస్టరీలో గతం సాక్ష్యంలా రావాలి. సాక్షిని బోనులో నిలబెట్టి ప్రశ్నించే వకీలు వర్తమానం. గతం అబద్ధం చెప్పగలగాలి, వర్తమానం దాన్ని పట్టుకోగలగాలి. ఈ రెండు వీలుల్లో ఏది లేకపోయినా రెండు కాలాలు ఉండటానికి కారణం లేదు. ఒకే కాలంలో రాసుకోవచ్చు. ఈ మరమ్మతు మొత్తం ఆ ఒక్క సూత్రం మీదే జరిగింది.

గతాన్ని ఎవరు చెబుతున్నారు

పాత ప్రతిలో గతం అధ్యాయాలు కొన్ని డైరీ, కొన్ని మామూలు ప్రథమపురుష కథనం. 15వ అధ్యాయంలో డైరీ "యజమాని తోశాడు" అంటుంది. 23లో రచయితే స్వయంగా అదే రాత్రిని కథనంగా చెబుతూ తోసిన చేతిని అస్పష్టంగా వదిలేస్తాడు. పాఠకుడికి ఒక అలిఖిత ఒప్పందం ఉంది: పాత్ర అబద్ధమాడవచ్చు, కథకుడు ఆడకూడదు. 23లో కథకుడు అబద్ధం ఆడలేదు గాని మొహం చాటేశాడు. చివరలో నిజం తెలిశాక పాఠకుడు వెనక్కి వెళ్లి చూసేది ఆ పేజీనే, తిట్టేది కూడా అక్కడే.

కాబట్టి మొదటి నిర్ణయం: గతంలో కథకుడు ఉండడు. గతమంతా పత్రాలే. డైరీ, కరోనర్ (అనుమానాస్పద మరణాలను విచారించే అధికారి) విచారణ మీద పత్రిక వార్త, ఇంటి ఖర్చుల పుస్తకం, ఒక ఉత్తరం. పత్రం అబద్ధమాడితే అది రాసిన మనిషి నేరం, రచయితది కాదు. ఈ కథాజాతి పుట్టుకే ఒక దొంగ పత్రంతో ముడిపడి ఉంది. 1764లో హొరేస్ వాల్‌పోల్ తన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'ను ఒక పాత ఇటాలియన్ రాతప్రతికి అనువాదమని చెప్పి అచ్చువేయించాడు. 1765లో రెండో ముద్రణ వచ్చినప్పుడు తానే రాశానని ఒప్పుకుని, దానికి గోథిక్ కథ అన్న పేరు తగిలించాడు.

పత్రాలకు వాటి ఇబ్బందులు వాటికున్నాయి. పాత ప్రతిలో ఆగస్టు 20 నాటి డైరీ పేజీ 4,100 మాటలు. చేత్తో నిమిషానికి ఇరవై మాటలు రాసినా మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అర్ధరాత్రి శవం దొరికిన ఇంట్లో, రోగి పక్కన కూర్చున్న నర్సు తెల్లవార్లూ సంభాషణలతో సహా రాసిందంటే ఎవరు నమ్ముతారు? మామూలు నవలలో ఈ పేజీని 1,500 మాటలకి కోయాల్సి వచ్చేది. ఇక్కడ కోయలేదు, 1,900 దగ్గర ఆపాం. ఎందుకంటే అతిగా వివరంగా ఉండటమే ఆ డైరీ మీద మొదటి అనుమానం కావాలి. 26వ అధ్యాయంలో నాయిక ఆ పేజీని తన చేత్తో నకలు రాసుకుంటుంది, గడియారం చూస్తుంది. గంటన్నర దాటింది. ఆమె ఏమీ అనుకోదు. వాక్యం అక్కడితో ఆగుతుంది.

అదే రాత్రిని మూడు పత్రాలు చెప్పాలి గనక విసుగు రాకుండా కొలతలు పెట్టుకున్నాం. డైరీ 1,900 మాటలు, పత్రికా వార్త 700, ఉత్తరం 1,200. ప్రతి కథనంలోనూ రెండు వివరాలు స్థిరంగా ఉండాలి (గట్టు మీద లాంతరు, తడిసిన శాలువా), ఒక్కటి మాత్రమే మారాలి. రెండు మూడు ఒకేసారి మార్చేస్తే పాఠకుడు పోల్చుకోవడం మానేసి, "సరే, ఎవరో అబద్ధం చెబుతున్నారు" అని వదిలేస్తాడు.

పత్రికా వార్త రాసేటప్పుడు పాత ప్రతిలో ఇంకో పొరపాటు బయటపడింది: మరణం మర్నాడే నగరం నుంచి డిటెక్టివ్ దిగిపోయాడు. 1887 నాటి ఇంగ్లండ్ పల్లెలో ఇలాంటి చావుకి ముందు జరిగేది కరోనర్ విచారణ. జూరీ శవాన్ని కళ్లారా చూడాలి, అందుకే రెండు మూడు రోజుల్లోనే, శవం ఉన్న చోటికి దగ్గర్లో, చాలాసార్లు పానశాల గదిలోనే విచారణ ముగిసేది. ఎవరు తోశారో, తానే పడిందో తేలనప్పుడు "మునిగి చనిపోయి కనిపించింది" అన్న తీర్పుతో చేతులు దులుపుకునేవారు. ఆ డొంకతిరుగుడు తీర్పే ఈ నవలకి కావలసింది. డిటెక్టివ్‌ని తీసేశాం.

వెన్నెల తప్పు

ఈ కేసులో అన్నిటికన్నా పనికొచ్చింది రచయిత చేసిన ఒక తప్పు.

డైరీలో నర్సు అంటుంది: "పండువెన్నెల. కిటికీలోంచి గట్టు అంతా పగటిలా కనిపించింది." తేదీ 1887 ఆగస్టు 20. తేదీలున్న ప్రతి అధ్యాయానికీ వారం, తిథి, సూర్యాస్తమయం, పోటు వేళ సరిచూడటం మామూలు పని. ఆగస్టు 20 శనివారం, అది సరిపోయింది. కానీ 1887 ఆగస్టు 19న జర్మనీ, రష్యాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. అంటే ఆ రోజు అమావాస్య. మర్నాటి రాత్రి పండువెన్నెల కాయదు.

ఇలాంటి తప్పులు పెద్దవాళ్లకీ జరిగాయి. ఇంగ్లిష్ మిస్టరీ నవలాకారుడు విల్కీ కాలిన్స్ రాసిన 'ది వుమన్ ఇన్ వైట్' పుస్తకంగా వచ్చిన 1860లోనే, కథలో కీలకమైన తేదీలు రెండు వారాల పాటు పొసగడం లేదని 'ది టైమ్స్' సమీక్షకుడు ఎత్తిచూపాడు. కాలిన్స్ తరవాతి ముద్రణలో సవరించుకున్నాడు. మరోవైపు ఎమిలీ బ్రాంటీ నవల 'వదరింగ్ హైట్స్' పైకి గందరగోళంగా కనిపించినా, లోపల తేదీలూ వారసత్వ చట్టమూ ఎంత పకడ్బందీగా అమరాయో న్యాయవాది సి.పి. సాంగర్ 1926లో విప్పి చూపించాడు. రెండు కాలాల నవల రాసేవాళ్లు ఈ రెండు ఉదాహరణలనూ పక్కపక్కన పెట్టుకోవాలి.

తేదీ మార్చేస్తే పని అయిపోయేది. సెప్టెంబరు మొదటి వారానికి జరిపితే పౌర్ణమి దొరుకుతుంది. కానీ డైరీ అబద్ధమని ఎలాగూ నిరూపించాలి. అలాంటప్పుడు ఈ తప్పు రచయితది కాక నర్సుది ఎందుకు కాకూడదు? నాలుగేళ్ల తరవాత జ్ఞాపకం మీద రాసిన మనిషి, తాను చూశానని చెప్పుకోవడానికి వెలుతురు కావాలి గనక వెన్నెల కురిపిస్తుంది. ఆ రోజు తిథి ఎవరికి గుర్తుంటుంది? ఇది కోర్టులో నిలిచిన పద్ధతే. 1858లో అబ్రహాం లింకన్ ఒక హత్య కేసులో వాదిస్తూ, వెన్నెల్లో చూశానన్న సాక్షిని పంచాంగం ముందు పెట్టి తేల్చాడు.

తేదీని అలాగే ఉంచాం. ఇక సవాలు, ఆ ఆనవాలును పాఠకుడి ముందే పెట్టి కనపడకుండా చేయడం. గ్రహణాన్ని ఎక్కడో చెప్పాలి, లేకపోతే మోసం. సూర్యగ్రహణం అమావాస్యనాడే పడుతుందని తెలుగు పాఠకుడికి వేరే చెప్పక్కర్లేదు. గ్రహణం, తేదీ, వెన్నెల ఒకేచోట ఉంటే క్షణంలో పట్టేస్తాడు. అందుకని ఆనవాలును మూడు ముక్కలు చేశాం. 3వ అధ్యాయంలో సొరుగు అడుగున పరిచిన పాత పత్రిక ముక్క. అందులో ఒక వేలం ప్రకటన, గుర్రాల మందు ప్రకటన, మధ్యలో రెండు పంక్తుల గ్రహణ వార్త. తేదీ ఉన్న పైభాగం చిరిగిపోయింది. 8లో ఆ సొరుగుకే చెందిన రెండో ముక్క దొరుకుతుంది, దాని మీద తేదీ మాత్రమే ఉంది. నాయిక జాబితాలో పన్నెండో పద్దుగా రాసుకుంటుంది. 15లో వెన్నెల. మొదటి ముక్కకీ మూడోదానికీ పన్నెండు అధ్యాయాల దూరం. మొదటి ప్రయత్నంలో గ్రహణ వార్తను అధ్యాయం చివరి పేరాలో పెట్టారు. చివరి పేరా అంటే దీపం పెట్టి చూపించినట్టే. జాబితాలో మధ్య వస్తువు ఎప్పుడూ సురక్షితం.

గోడలో చప్పుడు

పాత ప్రతిలో చప్పుడు ప్రతి రాత్రీ సరిగ్గా 2 గంటల 10 నిమిషాలకి వచ్చేది, చివరలో "పాత గొట్టాలు" అని తేల్చేశారు. భయపెట్టినదానికి సంజాయిషీ ఇవ్వడం గోథిక్ నవలాకారిణి ఆన్ రాడ్‌క్లిఫ్ కాలం నుంచీ, అంటే 1790ల నుంచీ, ఉన్న మర్యాదే. కానీ ఆ సంజాయిషీ కథని ముందుకు నెట్టకపోతే పాఠకుడు మోసపోయినట్టే భావిస్తాడు. గొట్టాలు దేన్నీ నెట్టవు.

ఇల్లు పోటు నీళ్ల పక్కన ఉంది కదా. నేలమాళిగ కింద నుంచి కాలవలోకి ఒక తూము, దాని మూతికి పైనుంచి వేలాడే ఇనుప తలుపు. సముద్రం పోటెత్తినప్పుడు తలుపు మూసుకుంటుంది, లోపలి నీరు ఆగిపోతుంది. పాటు, అంటే సముద్రం వెనక్కి తీయడం, మొదలై బయట నీటిమట్టం పడిపోగానే లోపలి నీరు తలుపును తన్ని తెరుస్తుంది, అది వెనక్కి పడి కొడుతుంది. మామూలు రోజుల్లో తేడా తక్కువ, చప్పుడు వినబడదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులకి పోటు మరీ ఎక్కువ, పాటు మరీ తక్కువ. అప్పుడే తలుపు గట్టిగా మోగుతుంది.

దీంతో చప్పుడుకి ఒక పంచాంగం వచ్చింది. నాయిక 2019 అక్టోబరు 7 సోమవారం ఇంటికి వస్తుంది. అక్టోబరు 13 పౌర్ణమి. 15 రాత్రి మొదటి చప్పుడు, 1 గంట 20 నిమిషాలకి. అక్టోబరు 28 అమావాస్య. 30 రాత్రి రెండోది. నవంబరు 12 పౌర్ణమి, 14న మూడోది. ఈ గడియారపు అంకెలు కథవి. నిజమైన తీరాన్ని ఎంచుకున్న రచయిత అక్కడి పోటు పట్టిక చూసుకోవాలి. గుర్తుంచుకోవలసినవి రెండు. పోటు రోజురోజుకీ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి "ప్రతి రాత్రీ అదే వేళకి" అన్నది ఎప్పటికీ కుదరదు. కానీ ఒకే చోట పెద్ద పోటులు పక్షానికోసారి దాదాపు అదే వేళకి తిరిగి వస్తాయి, కాబట్టి "పక్షానికోసారి అదే వేళకి" చక్కగా కుదురుతుంది. భయానికి ఇదే మంచిది. రోజూ వచ్చేది అలవాటైపోతుంది.

ఇక్కడ ఒక కొసరు కూడా దొరికింది. 2019 అక్టోబరు 27న ఇంగ్లండ్‌లో గడియారాలను గంట వెనక్కి తిప్పారు. సముద్రం గడియారం మాట వినదు. అందుకని రెండో చప్పుడు 1.20కి కాక 12.20 ప్రాంతంలో వస్తుంది. క్రమం దొరికిందనుకున్న నాయిక, క్రమం తప్పిందనుకుని ఆ ఊహను వదిలేస్తుంది. రచయిత కల్పించాల్సిన అవసరం లేకుండా దొరికిన దారితప్పింపు ఇది.

అసలు లాభం 24వ అధ్యాయంలో. మూడో చప్పుడు తరవాత నాయిక పోటు పట్టిక తీస్తుంది. పట్టికలో పోటుల పక్కనే చంద్రుడి బొమ్మలు. తూము దొరుకుతుంది, దయ్యం పోతుంది. కానీ చంద్రుడి గురించి ఆలోచించడం మొదలుపెట్టిన మనిషి 27లో డైరీ మళ్లీ తెరిచినప్పుడు "పండువెన్నెల" దగ్గర ఆగుతుంది. పన్నెండో పద్దు గుర్తొస్తుంది. వెబ్‌సైట్ వెతకాల్సిన పని లేదు, సొరుగులో కాగితం చాలు. గోథిక్ భాగం మిస్టరీకి అలంకారంగా కాక ఇంజనుగా పనిచేయడమంటే ఇదే. ఈ ఒక్క మార్పుతో మాజీ భర్తను తీసేయగలిగాం.

కాగితం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

వెన్నెల తప్పు డైరీ మీద అనుమానం పుట్టిస్తుంది గాని, మతిమరుపు అని కొట్టేయవచ్చు. డైరీ తరవాత రాసిందని తేల్చేది కాగితమే. ఇంగ్లండ్ కాగితపు మిల్లులు వాటర్‌మార్క్‌లో (కాగితంలోనే కలిసి ఉండే మిల్లు గుర్తు) సంవత్సరం వేయడం 1794 నాటి సుంకం చట్టంతో బాగా వ్యాపించింది. ఆ అవసరం తీరిపోయాక కూడా చాలా మిల్లులు ఆ అలవాటు మానలేదు. ఆకును వెలుతురుకి అడ్డంగా పట్టి చూస్తే అంకె కనిపిస్తుంది. పాత ప్రతిలో నాయికకి కనిపించింది 1887, దాంతో డైరీ అసలైనదని తేల్చేసింది. ఇది తర్కంలో తప్పు. వాటర్‌మార్క్ రాసిన తేదీని చెప్పదు, ఆ సంవత్సరానికి ముందు రాసి ఉండదని మాత్రమే చెబుతుంది. 1887 కాగితం మీద 1920లో కూడా రాయవచ్చు. కానీ 1891 కాగితం మీద 1887లో రాయలేరు. అంకెను 1891కి మార్చాం. ఆ కాగితం డైరీలో తరవాత అతికించింది కాదని చూపించడానికి, అదే మడతలోని జంట ఆకు కుట్టుకి అవతలి పక్కన ఉందని ఒక్క వాక్యం చేర్చాం. అది లేకపోతే తెలిసిన పాఠకుడు మొదట అడిగే ప్రశ్న అదే.

సిరా రంగు చూసి నాలుగేళ్ల తేడా చెప్పే సన్నివేశం ఒకటి ఉండేది, తీసేశాం. ఇనుము కలిసిన ఆ కాలపు సిరా రాసినప్పుడు పలచగా ఉండి నల్లబడుతుంది, దశాబ్దాలు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, కాగితాన్ని తినేస్తుంది కూడా. కంటితో చూసి 1887కీ 1891కీ తేడా ఎవరూ చెప్పలేరు. తెల్లటి నూలు చేతితొడుగులు కూడా పోయాయి. కాగితాల పనివాళ్లు మామూలుగా శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులతోనే ఆకులు తిప్పుతారు, తొడుగులతో వేళ్లకి పట్టు తెలియక అంచులు చిరుగుతాయి. పక్కన పెన్ను కాదు, పెన్సిల్ ఉంటుంది. ఈ చిన్న విషయాల దగ్గర తప్పితే, 29వ అధ్యాయంలో వాటర్‌మార్క్ గురించి ఆమె చెప్పే మాటని ఎందుకు నమ్మాలి?

మూడో ఆనవాలు మూసేసిన కిటికీ. ఇంగ్లండ్‌లో 1696 నుంచి 1851 దాకా కిటికీ పన్ను ఉండేది, దాన్ని తప్పించుకోవడానికి ఇటుకలతో మూసేసిన కిటికీలు చాలా పాత ఇళ్లకి కనిపిస్తాయి. కాబట్టి 5వ అధ్యాయంలో ఎవరో "పన్ను కోసం మూసి ఉంటారు" అంటే పాఠకుడు తలూపి ముందుకి పోతాడు. ఇంటి ఆ భాగం 1860లలో కట్టిందని 13లో వస్తుంది. పన్ను రద్దయ్యాక కట్టిన గోడకి పన్ను కోసం కిటికీ మూయరు. 30లో ఖర్చుల పుస్తకంలో మేస్త్రీ కూలి పద్దు: 1887 మార్చి. నర్సు ఆగస్టులో ఏ కిటికీలోంచి చూశానందో, ఆ కిటికీ అప్పటికే అయిదు నెలలుగా గోడ. ఇంటికి రెండు పటాలు, 1887ది ఒకటి, 2019ది ఒకటి, గళ్ల కాగితం మీద గీయించాక గాని ఇది కుదరలేదు. పాత ప్రతిలో ఆ కిటికీ తూర్పు గోడకి ఒకసారి, ఉత్తరం గోడకి ఒకసారి ఉంది.

అధ్యాయాల వరస

ఒకటి అప్పుడు, ఒకటి ఇప్పుడు అన్న కచ్చితమైన వరసను వదిలేశాం. లోలకంలా ఊగే నవలలో పాఠకుడికి తరవాత ఏ కాలం వస్తుందో ముందే తెలుస్తుంది, అధ్యాయం చివరి ఉత్కంఠ సగం చచ్చిపోతుంది. కొత్త నియమం: వర్తమానం ఒక ప్రశ్న వేసేదాకా గతం రాదు, వచ్చినప్పుడు ఆ ప్రశ్నకి జవాబివ్వకుండా దాన్ని మార్చాలి. "ఎవరు తోశారు?" అన్న ప్రశ్నకి డైరీ "యజమాని" అంటుంది; అప్పుడు ప్రశ్న "ఆమె ఎలా చూసింది?" అవుతుంది. ఉత్తరం వచ్చాక "ఎవరి కోసం అబద్ధమాడింది?" అవుతుంది.

దీని ఫలితంగా 16 నుంచి 20 దాకా అయిదు అధ్యాయాలు వరసగా వర్తమానమే. రచయిత భయపడ్డ చోటు ఇది. గతం అంతసేపు మాయమైతే పాఠకుడు ఊరుకుంటాడా? 15లో వెన్నెల దృశ్యం చదివి ఉన్నాడు కనక ఊరుకుంటాడు. గతం కోసం ఎదురుచూడటమే ఆ అయిదు అధ్యాయాలకి ఊపిరి. తిరిగి 21లో వచ్చేది కూడా డైరీ కాదు, 700 మాటల పొడి పత్రికా వార్త.

కాలం మారే చోట అతుకుల గురించి ఒక్కమాట. ఒక అధ్యాయం చివర తలుపు మూసుకోవడం, తరవాతి అధ్యాయం మొదట నూటముప్ఫయి ఏళ్ల కిందటి తలుపు తెరుచుకోవడం. పాత ప్రతిలో ఇలాంటి జంట బొమ్మలు పదకొండు. మూడు ఉంచాం. వస్తువు చేతులు మారే అతుకులు (శాలువా, ఖర్చుల పుస్తకం, సొరుగు) ఎన్ని ఉన్నా విసుగు రావు, ఎందుకంటే వస్తువు ప్రతిసారీ ఒక కొత్త ప్రశ్న మోసుకొస్తుంది.

గొంతులు వేరుగా ఉన్నాయో లేదో చూడటానికి రెండు కాలాల నుంచి పదేసి పేరాలు తీసి, తేదీలూ వస్తువుల పేర్లూ చెరిపి, కలిపి, కథ తెలియని మనిషికి ఇచ్చి వేరు చేయమనడం మంచి పరీక్ష. ఇరవైలో నాలుగుకి మించి తప్పితే గొంతులు కలిసిపోయినట్టు. ఈ ప్రతి మొదటిసారి ఏడు తప్పింది. కారణం పదాలు కాదు, వాక్యాల పొడవు: 1887 నర్సూ 2019 నాయికా ఒకే పొడవు వాక్యాల్లో ఆలోచిస్తున్నారు. నర్సు వాక్యాలను పొడిగించి, "కనుక", "అయినప్పటికీ"లతో ముడివేశాం. వృత్తిరీత్యా జాబితాలు రాసే నాయికవి పొట్టివి చేశాం. రెండోసారి తప్పులు మూడు.

చివరికి నవల 41 అధ్యాయాలకి, 1,03,000 మాటలకి వచ్చింది. గతం 14 అధ్యాయాలు. రహస్యాలు 17కి తగ్గాయి: గతం ముందు చెప్పేవి అయిదు, నాయిక ముందు కనుక్కునేవి తొమ్మిది, ఒకేసారి తేలేవి మూడు. ఆఖర్లో మంటల్లో ఇల్లు కూలిపోయే మూడు అధ్యాయాలు పోయాయి. ఆ మంటకి కథలో ఎక్కడా కారణం లేదు, గోథిక్ కనక ఇల్లు కాలిపోవాలన్న ఆచారం తప్ప. ఇప్పుడు చివరి పేజీ నాయిక రాసే కేటలాగు పద్దు. తేదీ గడిలో "1887" రాస్తే ఇంటి వారసుల కథ నిలుస్తుంది, "1891 లేదా ఆ తరవాత" అని రాస్తే పసివాడి కోసం నర్సు దాచింది బయటపడుతుంది. ఆమె రెండోది రాస్తుంది, పెన్సిల్‌తో.

ఇంకా కుదరనిది ఒకటి ఉంది. భార్య నిజంగా నడవగలదన్న సంగతికి ఇప్పటికీ ఒకే సాక్ష్యం, నర్సు తన అక్కకి రాసిన ఉత్తరం. దాని మీద తపాలా ముద్ర 1887 ఆగస్టు 22 సోమవారం, కాబట్టి డైరీలా తరవాత రాసిందని అనలేం. అయినా రాసింది అబద్ధమాడిన ఆ చెయ్యే. ఉత్తరాన్ని ఎందుకు నమ్మాలో 31వ అధ్యాయం ఇంకా చెప్పలేకపోతోంది. ఖర్చుల పుస్తకంలో, మంచం దిగని మనిషి పేరున రెండుసార్లు బూట్ల అడుగులు మార్పించిన పద్దు ఒకటి చేర్చి, దాన్ని 10వ అధ్యాయంలో దీపాల నూనెకీ సబ్బుకీ మధ్య పెట్టి చూడాలి.